న్యూజెర్సీలో మల్చ్ (మొక్కల చుట్టూ పరిచే చెక్కపొట్టు, ఆకులు) కుప్పలో మిల్క్ స్నేక్ (అమెరికాలో ఉండే విషం లేని పాము) గుడ్లలాంటివి దొరికాయి, ఫోటో పంపుతున్నాను. వాటిని పొదిగించవచ్చా? పిల్లలను పెంచవచ్చా?

పొదిగించవచ్చండి, అది పెద్ద కష్టం కాదు. పెంచడమే కష్టం. అందుకే పిల్లలు బయటికి వచ్చాక దొరికిన చోటే వదిలేయమని నా సలహా. నేను వర్జీనియాలో ఉంటాను. మా పెరట్లో పాత కట్టెల కుప్ప తీయిస్తుంటే ఇలాగే గుడ్లు బయటపడ్డాయి. గూడు అప్పటికే చెదిరిపోవడంతో రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేసి అడిగాకే లోపలికి తెచ్చాను. మీరూ ముందు ఆ ఫోన్ చేయండి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. జార్జియాలో అయితే విషం లేని స్థానిక పాములను ఇంట్లో ఉంచుకోవడమే నేరం.

కోడిగుడ్లలా రోజూ తిప్పాలా అని అడిగారు. అస్సలు వద్దు. పాము గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు తలకిందులైతే చాలాసార్లు పిండం చచ్చిపోతుంది. ఇప్పుడు ఏ వైపు పైకి ఉందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి. అతుక్కున్న గుడ్లను విడదీయకండి, మొత్తం ముద్దనే అలాగే ఎత్తి పెట్టండి.

అవి విషప్పాము గుడ్లేమోనని మీ ఇంట్లోవాళ్ళు భయపడుతున్నారన్నారు కదా. ఇక్కడి విషప్పాముల్లో కాపర్‌హెడ్, రాటిల్‌స్నేక్ గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లలను కంటాయి. అమెరికాలో గుడ్లు పెట్టే విషప్పాములంటే కోరల్ స్నేక్‌లే, అవి మీ న్యూజెర్సీ వైపు ఉండవు. మరి ఇవి మిల్క్ స్నేక్‌వే అని ఎలా చెప్పగలం? పిల్లలు వచ్చేదాకా ఖాయంగా చెప్పలేం. ఇక్కడ ఉండే మరో పాము రేసర్, దాని గుడ్ల మీద ఉప్పురాళ్ళు చల్లినట్టు గరుకుగా ఉంటుంది. మీ ఫోటోలో పెంకు నున్నగా ఉంది కాబట్టి మిల్క్ స్నేక్ అయ్యే అవకాశమే ఎక్కువ.

మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. నర్సరీలో దొరికే వర్మిక్యులైట్‌ను (నీటిని పీల్చి పట్టి ఉంచే ఖనిజపు రేణువులు) దాని బరువుకు సమానమైన నీళ్ళతో కలపండి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒక చుక్క రావాలి, కారకూడదు. గుడ్లను అందులో సగం దాకా పూడ్చి, మూతకు రెండు మూడు సన్నటి రంధ్రాలు చేయండి. వేడి 78 నుంచి 82 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటే చాలు. కొంచెం తక్కువైతే పిల్లలు ఆలస్యంగా వస్తాయి, అంతే. ఎక్కువైతేనే ముప్పు, కాబట్టి కిటికీ ఎండలో మాత్రం పెట్టకండి. గుడ్లు సొట్టపడితే తేమ తగ్గిందన్నమాట, పక్కనున్న వర్మిక్యులైట్ మీద కాస్త నీళ్ళు పోయండి, గుడ్ల మీద పోయవద్దు. పొదిగే కాలం చివర్లో వచ్చే సొట్టలకు కంగారు పడనక్కర్లేదు. బూజు పట్టిన గుడ్డు పక్కవాటికి అతుక్కుని ఉంటే దాన్నీ పీకకండి. బతికున్న గుడ్డు తనను తాను బాగానే కాపాడుకుంటుంది.

జూన్, జూలైల్లో పెట్టిన గుడ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పగులుతాయి. పిల్ల ముక్కు కొసనున్న చిన్న పన్నుతో పెంకును చీల్చి, తల బయటపెట్టి, ఒక్కోసారి రోజంతా అలాగే ఉండిపోతుంది. లోపల మిగిలిన పచ్చసొనను ఒంట్లోకి పీల్చుకుంటోందన్నమాట. ఆ సమయంలో సాయం చేయాలని చేయి ఆత్రపడుతుంది, దయచేసి ఆగండి. అది బయటికి లాగే సమయం కాదు. పూర్తిగా బయటికి వచ్చిన పిల్ల పెన్సిల్ కన్నా సన్నగా ఉంటుంది, ఒంటి మీద నల్ల అంచుల ఎర్రటి మచ్చలు మెరుస్తుంటాయి. ఇంత అందమైన ప్రాణిని కాపర్‌హెడ్ అనుకుని పారతో కొట్టి చంపేస్తున్నారంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

వెంటనే ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో వేరుగా ఉంచండి. ఈ జాతి వేరే పాములను తింటుంది, తోబుట్టువులనూ వదలదు. డబ్బాలో తడి నాచు, దాక్కునే చోటు, చిన్న మూతలో నీళ్ళు ఉంటే చాలు. నాగుల చవితి గుర్తొచ్చి మనవాళ్ళు పాలు పోయమంటారు, వద్దని చెప్పండి. వారం, రెండు వారాల్లో మొదటి కుబుసం విడుస్తాయి. అప్పటిదాకా తిండి అడగవు.

చిక్కంతా ఆ తర్వాతే. అడవిలో ఈ పసివి చిన్న బల్లులు, చిన్న పాములు, పురుగులు వెతుక్కుంటాయి. పెంపుడు పాముల తిండిగా దుకాణాల్లో అమ్మే ఎలుక కూనల్లో అతి చిన్నది కూడా కొన్ని పిల్లల నోటికి పెద్దదే. పైగా ఆ వాసన వాటికి తిండిలా అనిపించదు. కూనను కడిగి, బల్లి వాసన రుద్ది, చీకట్లో డబ్బాలో వదిలితే నా దగ్గరున్న కొన్ని తిన్నాయి. మిగతావి తలతిప్పి వెళ్ళిపోయాయి. ఆకలితో సన్నబడుతున్న పిల్లను చూస్తూ పంతం పట్టడం నాకు న్యాయంగా తోచలేదు, అన్నిటినీ కట్టెల కుప్ప ఉన్న చోటే వదిలేశాను. అవి పుట్టిన రోజు నుంచే ఒంటరిగా బతకగలవు. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు.

మీరూ చలి ముదరకముందే, రాళ్ళు, ఆకులు ఉన్న మూల చూసి వదలండి. ఇంట్లో పెంపుడు పాము గానీ బల్లి గానీ ఉంటే దాని సామాన్లు వీటికి వాడవద్దు. పాములకు వచ్చే ఫంగస్ జబ్బులు అలా బయటికి పాకుతాయి.

ఇది చదివి ఆంధ్రలో, తెలంగాణలో ఎవరూ ప్రయత్నించకండి. అక్కడ నాగుపాము, కట్లపాము రెండూ గుడ్లు పెట్టేవే, వాటి పిల్లలకు పుట్టగానే విషం ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం కూడా. గుడ్లు కనబడితే తాకకుండా అటవీ శాఖకు చెప్పండి. హైదరాబాద్ వైపైతే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకు ఫోన్ చేయవచ్చు.