ఎపిడేటాలో ఫారాలు ఎక్కించే ముందు

చి. సునీతకు ఆశీస్సులు.

ఇంటింటి సర్వే ఫారాలు ఎపిడేటా 3.1లో, అంటే కాగితం మీది జవాబులను కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రాంలో, ఎక్కించాలని రాశావు. పాత ప్రోగ్రాం అని చిన్నచూపు వద్దు. 1985లో అమెరికాలోని ప్రజారోగ్య సంస్థ సీడీసీ, విండోస్‌కు ముందటి డాస్ కంప్యూటర్ల కోసం తెచ్చిన ఎపి ఇన్ఫో అనే ప్రోగ్రాం దారిలోనే డెన్మార్క్‌వాళ్లు దీన్ని కట్టారు. తప్పు అంకె నొక్కితే అక్కడికక్కడే ఆపుతుంది. ఎక్కడ ఆపాలో మాత్రం ముందే నువ్వు చెప్పాలి.

ప్రశ్నలు క్యూఈఎస్ ఫైల్లో, సమాధానాలు ఆర్ఈసీలో, నిబంధనలు సీహెచ్‌కేలో ఉంటాయి. క్యూఈఎస్‌లో ప్రశ్న పక్కన ఎన్ని హ్యాష్ (#) గుర్తులు పెడితే అన్ని అంకెలు పడతాయి. వయసుకు రెండే పెట్టి, తెలియనివాళ్లకు 99 వేశావనుకో, నిజంగా 99 ఏళ్ల పెద్దావిడ వస్తే ఏం చేస్తావు? మూడు పెట్టి 999 వాడు. అవును-కాదు ప్రశ్నలకు వై ఫీల్డు (వై లేదా ఎన్ మాత్రమే పట్టే గడి) పెట్టకు, అందులో "తెలియదు"కు చోటు లేదు. ఒక్క హ్యాష్ పెట్టి అవునుకు 1, కాదుకు 2, తెలియదుకు 9 వాడు. దీనికి యూనికోడ్ (తెలుగులాంటి లిపులను కంప్యూటర్‌లో రాసే పద్ధతి) రాదు కాబట్టి ఊళ్ల పేర్లు తెలుగులో ఎక్కవు. గ్రామాలకు కోడ్ నంబర్లు ముందే రాసుకో.

సీహెచ్‌కేలో వయసుకు రేంజ్ 0 110 (0 నుంచి 110 వరకే తీసుకోమని), దాని కింద లీగల్ 999 (ఇది కూడా చెల్లుతుందని) రాయి. ఫారం నంబరుకు కీ యునీక్ (ఒకే నంబరు మళ్లీ రాకూడదని), మస్ట్ ఎంటర్ (ఖాళీగా వదలకూడదని) రెండూ పెట్టు, ఒకే ఫారం రెండుసార్లు ఎక్కదు. మగవాళ్ల ఫారాల్లో గర్భం ప్రశ్నలు దాటించడానికి జంప్స్ ఉంది. ఉత్త జంప్స్ చాలదు. ముందు స్త్రీ అని వేసి, అవన్నీ నింపాక పురుషుడు అని దిద్దితే పాత జవాబులు అలాగే ఉండిపోతాయి. జంప్స్ రీసెట్ అని రాస్తే చెరిపేస్తుంది.

అసలు కష్టం ఇంకోటి. 24కు బదులు 42 కొడితే రేంజ్ పట్టుకోలేదు, రెండూ కుదిరే వయసులే. అందుకే ఇద్దరు వేరువేరుగా, ఒకరి ఫైలు ఒకరు చూడకుండా అన్ని ఫారాలూ ఎక్కించాలి. తర్వాత రెండు ఫైళ్లనూ ఎపిడేటాలోని వాలిడేట్ అనే పోలిక సదుపాయంతో ఫారం నంబరు ఆధారంగా పోల్చండి. తేడా వచ్చినచోట ఎవరిది నిజమో ఊహించవద్దు, కాగితం తీసి చూడండి. టైము లేదని పదో వంతు ఫారాలు మాత్రమే రెండోసారి ఎక్కించి సరిపెట్టమంటారు. ఒప్పుకోకు.

రెండో కంప్యూటర్‌కు ఆర్ఈసీ ఒక్కటే కాపీ చేస్తే పని నడుస్తుంది గానీ నిబంధనలేవీ ఉండవు, అది హెచ్చరించదు కూడా. అదే పేరుతో ఉన్న సీహెచ్‌కే అదే ఫోల్డర్‌లో ఉండాలి. ముందు పది ఫారాలు ఎక్కించి, కావాలనే వయసు 150 కొట్టి చూడు. తీసుకుందంటే సీహెచ్‌కే చదవట్లేదన్నమాట, ఫైలు పేరు సరిచూసుకుని మళ్లీ మొదలుపెట్టు.

నీ బాబాయి