భరిణెల మీద స్ప్రే లాకర్ తెల్లబడుతోంది, మూతలు పట్టేస్తున్నాయి: ఏం చేయాలి?

లేత్ మీద తీసిన చిన్న కుంకుమ భరిణెలకు వానాకాలంలో స్ప్రే లాకర్ కొడితే తెల్లటి మసక వస్తోందనీ, మూతలు బిగుసుకుంటున్నాయనీ అడిగారు. ఈ రెండింటికీ స్ప్రే డబ్బాను తప్పుపట్టక్కర్లేదు.

మసకకు కారణం తేమ. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ ఆరడమంటే అందులోని థిన్నర్ ఆవిరైపోవడమే. ఆవిరవుతూ అది పైపొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద నీరు చేరి అందులోనే చిక్కుకుంటుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది మామూలే. తేమ 70 శాతం దాటిన రోజు నేను డబ్బా ముట్టను. తెరిపిచ్చిన రోజు చూసి 11 నుంచి 3 గంటల మధ్య కొట్టండి. ఇప్పటికే తెల్లబడినవాటిని గీకెయ్యకండి. పొడిగా ఉన్న రోజు పల్చగా ఇంకో కోటింగు కొడితే పాత పొర కరిగి, చిక్కుకున్న నీరు బయటపడుతుంది, చాలావరకు మసక పోతుంది. స్ప్రే గన్‌తో కొట్టేవాళ్లయితే థిన్నర్‌లో కాస్త రిటార్డర్ (నెమ్మదిగా ఆవిరయ్యే ద్రావకం) కలుపుకుంటారు, డబ్బాలో ఆ వీలు లేదు.

మూత సంగతి. మూత, భరిణె కలిసే అంచుకు రెండు వైపులా లాకర్ పడితే ఆ మందానికే బిగుతైపోతుంది. పైగా చేతికి అంటడం లేదు కదా అని అరగంటలో మూత పెట్టేస్తారు. లోపల థిన్నర్ ఇంకా పోతూనే ఉంటుంది, రెండు పొరలూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాబట్టి ఆ అంచుకు ముందే మాస్కింగ్ టేపు చుట్టండి. అక్కడ కర్రను ఉత్తగా వదిలేసి కాస్త మైనం రుద్దితే చాలు. కనీసం వారం దాకా మూత విడిగా ఉంచండి, లేకపోతే లోపల ఆ వాసన కూడా పోదు.

ఇక వరస. లేత్ మీదే 120, 180, 240, 320 సాండ్‌పేపర్లు పట్టండి. చివరి నంబరు లేత్ ఆపి కర్ర పొర (గ్రెయిన్) వెంబడి రుద్దాలి, లేకపోతే చుట్టు గీతలన్నీ లాకర్ కింద బయటపడతాయి. దుమ్ము దులిపి ఒక కోటింగు ఎన్‌సీ సాండింగ్ సీలర్ (లాకర్ కింద కర్ర రంధ్రాలు మూసే పూత) కొట్టండి. కర్ర పొర అడ్డంగా తెగిన చోట అది ఎక్కువ పీల్చుకుంటుంది, అక్కడ రెండోసారి కావాలి. ఆరాక 400 నంబరుతో తేలిగ్గా రుద్దితే లేచిన నూగు పోతుంది. ఆపైన లాకర్ మూడు నాలుగు పల్చటి కోటింగులు, మధ్యలో 20 నిమిషాలు.

డబ్బాను 20–25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. ముక్కను సన్నటి పుల్లకు గుచ్చి వేళ్లతో తిప్పుతూ, స్ప్రే ముక్కకు ఇవతలే మొదలుపెట్టి అవతల వదలాలి. దగ్గరైతే కారుతుంది. దూరమైతే దారిలోనే ఆరి గరుకుగా పడుతుంది. భరిణె లోపలి భాగం నిజంగా విసిగిస్తుంది: గాలి అడుగును తాకి వెనక్కి తన్ని పొడిపొడిగా కూర్చుంటుంది. లోపలికి బ్రష్‌తో సీలర్ వేసి వదిలేయడమే నయం. చిన్న చిన్న గుంటలు పడుతుంటే నూనో, మైనమో, సిలికానో అంటిందన్నమాట. సీలర్ కొట్టకముందే ఉత్త కర్రను థిన్నర్ గుడ్డతో తుడవండి. టేకుకైతే ఇది తప్పనిసరి.

మెరుపు సరిచేయాలంటే రెండు వారాలు ఆగి, 1500 నంబరు నీటి పేపరుతో మెత్తగా రుద్ది మైనం పట్టించండి.

కొట్టేది బయటో, తలుపులు తీసిన గదిలోనో. దగ్గర్లో పొయ్యి, నిప్పురవ్వలు వచ్చే మోటారు ఉండకూడదు. గుడ్డ మాస్కు ఈ ఆవిరిని ఆపదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్నదే వాడండి.

ఏటికొప్పాక పద్ధతిలో లక్క పట్టించిన భరిణెల మీద మాత్రం ఈ స్ప్రే వద్దు. లక్క స్పిరిట్‌కు కరుగుతుంది, థిన్నర్‌లో అలాంటి ద్రావకాలు తరచూ ఉంటాయి, తడిగా పడితే రంగు కరిగి పక్కకు పాకుతుంది. అయినా మొగలి ఆకుతో రుద్దిన లక్కకు దాని మెరుపు దానికే ఉంటుంది.