కంపెనీ టీమ్‌కి ఆడుతూ మోకాలు పోగొట్టుకున్న కబడ్డీ ఆటగాడికి పరిహారం వస్తుందా?

మీ తమ్ముడికి 26 ఏళ్లు. ఓ కంపెనీ టీమ్‌కి కాంట్రాక్టు మీద కబడ్డీ ఆడుతుంటే మ్యాచ్‌లో ఏసీఎల్ (మోకాలిని పట్టి ఉంచే లోపలి లిగమెంటు) తెగింది. ఆపరేషన్ అయ్యాక కాంట్రాక్టు పొడిగించలేదు, అడిగితే "ఆటలో దెబ్బలు మామూలే" అన్నారు. ఇదే కదా మీరు రాసింది. నేను లాయర్ని కాను. కబడ్డీ ఆడి, మోకాలు పోగొట్టుకుని, కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

నాది రోడ్డు ప్రమాదం. 2014లో ప్రాక్టీస్ ముగించుకుని బండి మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. అప్పుడు నాకు 24. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేశాం. ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ మర్చిపోలేదు: "ఈ కోర్టు హాలు దాకా మెట్లెక్కే వచ్చావు కదా?" ఎక్కే వచ్చానన్నాను. మెడికల్ బోర్డు సర్టిఫికెట్‌లో వైకల్యం 15 శాతం అని ఉంది. నడవడానికి ఆ మోకాలు బాగానే పనికొస్తుంది. కానీ కూతకి వెళ్లినవాడు ఒంటికాలి మీద గిర్రున తిరిగి గీత అందుకోవాలి. దానికి మాత్రం అది ఎందుకూ పనికిరాదు. ఈ తేడా ఆ రోజు బోనులో నిలబడి చెప్పడం నాకు చేతకాలేదు.

చట్టానికి మాత్రం ఈ తేడా తెలుసు. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: శరీరానికి కలిగిన వైకల్యం శాతం వేరు, సంపాదన పోయిన శాతం వేరు. గాయపడినవాడు ఏ పని చేసి బతికేవాడు, ఇప్పుడు ఏం చేయగలడు అన్నది చూడాలి. మీ తమ్ముడి విషయంలో ఇంకా దగ్గరైన కేసు 1975 నాటిది. సినిమా హాల్లో పని చేస్తూ కిందపడిన ఓ వడ్రంగికి ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది నూటికి నూరు శాతం వైకల్యమేనని సుప్రీంకోర్టు తేల్చింది. అది కార్మికుల పరిహార చట్టం కింద వచ్చిన తీర్పు. మీరు వెళ్లాల్సిన దారి కూడా అదే. 1923 నాటి ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కాబట్టి, దెబ్బ తగిలిన తేదీ లాయరుకి ముందే చెప్పండి.

ఎదుటి ఆటగాడి మీద కేసు వేద్దామన్న ఆలోచన ఉంటే వదిలేయండి. రూల్స్ ప్రకారం పట్టు పట్టినవాడి తప్పేముంది? పైగా ఆటలో ఉండే మామూలు ప్రమాదానికి ఒప్పుకునే బరిలోకి దిగాం. కానీ ఉద్యోగిగా అడిగే పరిహారానికి ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే చాలు. అందుకే కంపెనీ "ఆటలో మామూలే" అన్న మాట మీద ఎక్కువసేపు నిలబడదు, "అసలు అతను మా ఉద్యోగే కాదు" అంటుంది. గొడవంతా అక్కడే.

దానికి ఇప్పుడే కాగితాలు వెతకండి. ప్రతి నెలా బ్యాంకులో డబ్బు పడిందా, పీఎఫ్ కోశారా, ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపే కాగితం) ఇచ్చారా, ఐడీ కార్డు ఉందా, వేరే టోర్నమెంటుకి వెళ్లాలంటే అనుమతి అడగాల్సి వచ్చేదా. కోచ్ "రేపు 5:30కి గ్రౌండ్‌లో ఉండాలి" అని పెట్టిన వాట్సాప్ మెసేజ్ కూడా పనికొస్తుంది, ఫోన్ మార్చేలోపు దాచండి. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కట్టారేమో తప్పకుండా చూడండి. కట్టి ఉంటే పరిహారం అక్కడి నుంచే, యజమాని మీద విడిగా వేయడం కుదరదు. క్రీడా సంస్థకి ఈఎస్ఐ ఏంటి అనుకోకండి, బీసీసీఐకే అది వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

నేను దెబ్బతిన్నది ఈ కాగితాల దగ్గరే. సంక్రాంతి టోర్నమెంట్లలో వచ్చిందంతా చేతికి నగదు. సాక్ష్యం చెప్పమంటే ఆర్గనైజర్లు ఫోన్ ఎత్తలేదు. ట్రిబ్యునల్ నా ఆదాయం నెలకి 6,000 అని లెక్కేసి, 15 శాతం వైకల్యంతో, నా వయసుకి 18 మల్టిప్లయర్‌తో (ఏడాది నష్టాన్ని వయసును బట్టి హెచ్చవేసే అంకె) 1,94,400 ఇచ్చింది, మందుల ఖర్చు విడిగా. అప్పీలుకి వెళ్లాం. మా క్లబ్బు పాత రిజిస్టరు దొరికింది. ఆపరేషన్ చేసిన డాక్టరు "ఇతను మళ్లీ పోటీ స్థాయిలో ఆడలేడు" అని అంతకుముందే సాక్ష్యం చెప్పి ఉన్నారు. హైకోర్టు ఆదాయం 9,000గా, సంపాదన నష్టం 30 శాతంగా తీసుకుని, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద మరో 40 శాతం కలిపితే అదే పద్దు 8,16,480 అయింది. అవే కాళ్లు, అదే మోకాలు.

కాబట్టి డాక్టరు దగ్గర శాతం మాత్రమే రాయించుకుని రాకండి. కబడ్డీ ఆడగలడా లేదా అన్నది ఒక వాక్యంలో రాయమనండి. అవసరమైతే సాక్ష్యానికి వస్తారా అని ఇప్పుడే అడగండి.

ఇంకొకటి, కంపెనీ టీమ్ మొత్తానికి ప్రమాద బీమా తీసుకుందేమో కనుక్కోండి. పాలసీలో ప్రొఫెషనల్ ఆటలకు మినహాయింపు ఉందేమో కూడా చదవండి. ఇల్లు గడవడమే కష్టంగా ఉంటే కేంద్ర క్రీడా శాఖ కింద దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పేరుతో క్రీడాకారుల సంక్షేమ నిధి ఉంది, దానికీ దరఖాస్తు పెట్టొచ్చు.

మెడికల్ షాపు బిల్లులు ఈ వారమే జిరాక్స్ తీయించండి. నావి బీరువాలో రెండేళ్లుండేసరికి అక్షరాలు ఎగిరిపోయి తెల్ల కాగితాలు మిగిలాయి. వాటికి పైసా రాలేదు.