85 శాతం భయం

ఆ మధ్య న్యూజెర్సీలో బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ కూర్చుంటే, తెలిసిన కుర్రాడొకడు వచ్చి పక్కన కూలబడ్డాడు. వాళ్ల మామగారికి సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వం ఇచ్చే రిటైర్మెంట్ పింఛను, అప్పుడే మొదలైందట. "అంకుల్, ఇన్నేళ్లు జీతంలోంచి కోసుకుని, ఇప్పుడు ఇచ్చేదాంట్లో 85 శాతం మళ్లీ పన్ను కింద పట్టుకుపోతారంట కదా! ఇదేం అన్యాయం?" అన్నాడు.

పట్టుకుపోరు. కానీ ఈ మాట నేను విన్నది ఇది మొదటిసారి కాదు. నాకు 2023లో మొదలైనప్పుడు మా ఆవిడ కూడా సరిగ్గా ఇలాగే టెన్షన్ పడింది. 85 అనేది పన్ను రేటు కాదు. మీకు వచ్చే సోషల్ సెక్యూరిటీలో ఎంత భాగాన్ని ఆదాయంగా లెక్కలోకి తీసుకోవచ్చో చెప్పే గరిష్ఠ హద్దు. మిగిలిన 15 శాతం ఎంతటి ధనవంతుడికైనా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, పన్ను లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చిన భాగం మీద మీ మామూలు రేటు, అంటే 10 శాతమో 12 శాతమో పడుతుంది. చాలామందికి ఆ భాగం సున్నా, లేదా సున్నాకి దగ్గర.

1983 దాకా ఈ డబ్బు మీద ఫెడరల్ పన్నే లేదు. ఆ ఏడాది రీగన్ సంతకం చేసిన చట్టంతో 1984 నుంచి సగం దాకా లెక్కలోకి రావడం మొదలైంది. 1993లో క్లింటన్ హయాంలో 85 శాతం మెట్టు పెట్టారు. అసలు చిక్కు ఏమిటంటే, అప్పుడు పెట్టిన హద్దులు ఇప్పటికీ అవే. ధరలతో పాటు పింఛను దాదాపు ఏటా కొంత పెరుగుతుంది, హద్దు మాత్రం కదలదు. అందుకే అప్పట్లో కొద్దిమందికే తగిలిన పన్ను ఇప్పుడు మనలాంటి మధ్యతరగతి వాళ్లకి కూడా తగులుతోంది.

ఇక లెక్క. మూడు అంకెలు కూడాలి. సోషల్ సెక్యూరిటీ కాకుండా మీకున్న మిగతా ఆదాయం ఒకటి. పన్ను లేని వడ్డీ, అంటే రాష్ట్రాలు, నగరాలు అప్పు కోసం అమ్మే మునిసిపల్ బాండ్ల లాంటి వాటి మీద వచ్చేది, రెండోది. ఏడాది మొత్తం మీద వచ్చిన సోషల్ సెక్యూరిటీలో సగం మూడోది. పన్నుల వాళ్లు ఈ మొత్తాన్ని ప్రొవిజనల్ ఇన్‌కమ్ అంటారు. నేను మా ఇంట్లో 'తూకం' అంటాను, ఎందుకంటే దీని పని తూచడమే. దీని మీద నేరుగా పన్ను వెయ్యరు.

భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేస్తే, తూకం 32,000 డాలర్ల లోపుంటే సోషల్ సెక్యూరిటీలో ఒక్క డాలరు కూడా లెక్కలోకి రాదు. 32,000 నుంచి 44,000 మధ్య అయితే దాటినదాంట్లో సగం వస్తుంది. 44,000 దాటితే, దాటిన ప్రతి డాలరుకీ 85 సెంట్లు, దానికి పైన ఇందాకటి మెట్టు తాలూకు 6,000. మొదటి మెట్టు తాలూకు భాగం వచ్చిన పింఛనులో సగాన్నీ, మొత్తం కలిపి 85 శాతాన్నీ మించదు. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఆ హద్దులు 25,000, 34,000. ఆ 6,000 చోట 4,500.

మూడో అంకె దగ్గర నేను మొదటి ఏడాది బోల్తా పడ్డాను. బ్యాంకులో పడ్డ నెలసరి మొత్తాలన్నీ కూడి, అందులో సగం వేశాను. తప్పు. మెడికేర్ పార్ట్ బి (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమాలో డాక్టర్ ఖర్చుల భాగం) ప్రీమియం కోసుకున్నాక మిగిలింది బ్యాంకుకి వస్తుంది. 2025లో ఆ ప్రీమియం చాలామందికి మనిషికి నెలకు 185 డాలర్లు, అంటే ఏడాదికి 2,220. పన్ను లెక్కకి కావాల్సింది కోత పడక ముందు అంకె. జనవరిలో వచ్చే ఎస్‌ఎస్‌ఏ-1099 కాగితంలో 5వ బాక్సులో అది ఉంటుంది. నా తప్పు నాకే కనిపించి సవరణ రిటర్న్ వేసుకున్నాను. వంద డాలర్ల లోపు తేడాకి రెండు వారాల నిద్ర పోయింది.

ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. దంపతులిద్దరికీ 65 దాటాయి. ఇద్దరికీ కలిపి ఏడాదికి సోషల్ సెక్యూరిటీ 36,000. ఉద్యోగంలో కూడబెట్టుకున్న 401కె రిటైర్మెంట్ ఖాతా నుంచి 20,000 తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఎన్‌ఆర్‌ఇ (విదేశాల్లో సంపాదించిన డబ్బు దాచుకునే ఖాతా) ఫిక్సెడ్ డిపాజిట్ మీద వడ్డీ డాలర్లలో 6,000. మునిసిపల్ బాండ్ల వడ్డీ 2,000. తూకం: 18,000 + 20,000 + 6,000 + 2,000, మొత్తం 46,000. ఇది 44,000ని 2,000 దాటింది. అందులో 85 శాతం 1,700. దానికి 6,000 కలిపితే 7,700. అంటే 36,000లో పన్ను లెక్కలోకి వచ్చింది 7,700 మాత్రమే, సుమారు 21 శాతం.

దాని మీద పన్ను ఎంత? సున్నా. లెక్కకు వచ్చిన ఆదాయం 20,000, 6,000, 7,700 కలిపి 33,700. 2025కి దంపతుల స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం, 31,500, ఇద్దరూ 65 దాటినందుకు మరో 3,200, మొత్తం 34,700. డిడక్షనే ఎక్కువ.

ఇక్కడ ఎన్‌ఆర్‌ఇ వడ్డీ గురించి ఒక మాట. అది ఇండియాలో పన్ను లేని వడ్డీ కాబట్టి ఇక్కడా చూపించక్కర్లేదని మనవాళ్లలో గట్టి నమ్మకం. గ్రీన్‌కార్డు వాళ్లయినా సిటిజన్లయినా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికా రిటర్న్‌లో చూపాల్సిందే. అక్కడ పన్ను లేదంటే, ఇక్కడ తగ్గించుకోవడానికి క్రెడిట్ కూడా లేదని అర్థం. పైగా ఆ వడ్డీ నేరుగా పన్నుకి రావడమే కాక తూకాన్ని కూడా పెంచుతుంది. ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలోనే వచ్చే ఆదాయం పడే) ఖాతాలో టీడీఎస్ కోస్తే అది 1116 ఫారంతో క్రెడిట్ తెచ్చుకోవచ్చు, తూకం మాత్రం తగ్గదు. మునిసిపల్ బాండ్ల సంగతీ ఇలాంటిదే: పన్ను లేదని కొంటారు, అది వెనక నుంచి వచ్చి తూకంలో కూర్చుంటుంది.

అదే దంపతుల ఇంటికి పైకప్పు మార్చాల్సి వచ్చిందనుకోండి. 401కె నుంచి అదనంగా 30,000 ఒకేసారి తీశారు. తూకం 76,000 అయింది. లెక్క వేస్తే 33,200 వస్తుంది కానీ 36,000లో 85 శాతం 30,600 కాబట్టి అక్కడ ఆగుతుంది. అంటే 30,000 తీసినందుకు లెక్కలోకి వచ్చిన ఆదాయం 52,900 పెరిగింది. 401కె తాలూకు 30,000, దాంతో పాటు ఇన్నాళ్లూ బయట కూర్చున్న సోషల్ సెక్యూరిటీలోంచి 22,900. సున్నా ఉన్న పన్ను, కొత్త సీనియర్ డిడక్షన్ (దాని సంగతి కింద చెప్తాను) కూడా వాడుకున్నాక, 4,311 డాలర్లకి చేరింది.

అదే పని డిసెంబర్‌లో 15,000, జనవరిలో 15,000గా చేసుంటే? రూల్స్ అవే ఉన్నాయనుకుంటే ఏడాదికి 1,475 చొప్పున రెండేళ్లకి 2,950. కాంట్రాక్టర్‌కి సగం ఇప్పుడు, సగం పని అయ్యాక ఇస్తామంటే ఎవరూ కాదనరు. ఇదే డబ్బు రాత్ ఐఆర్ఏలో, అంటే పన్ను ముందే కట్టేసి దాచుకునే రిటైర్మెంట్ ఖాతాలో, ఉండుంటే తూకం కదిలేదే కాదు. Roth అన్న స్పెల్లింగ్ చూసి చదివితే 'రోత' లాగా వినిపిస్తుందని మా ఆవిడ నవ్వుతుంది గానీ, రిటైర్ అయ్యాక అంత ముద్దొచ్చే ఖాతా ఇంకోటి లేదు. అర్హత ఉండి తీసిన రాత్ డబ్బు ఈ మూడు అంకెల్లో దేంట్లోనూ కనపడదు. మామూలు 401కె, ఐఆర్ఏ అలా కాదు. 1951 నుంచి 1959 మధ్య పుట్టినవాళ్లు 73 ఏళ్లకీ, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లు 75కీ ఇష్టం ఉన్నా లేకున్నా ఏటా కొంత తీయాల్సిందే. ఆ లోపు కొంచెం కొంచెంగా రాత్‌కి మార్చుకోవడం గురించి ఆలోచించండి, మార్చిన ఏడాది ఆ మొత్తం ఆదాయం కిందకి వస్తుందని మర్చిపోకుండా.

సీనియర్ డిడక్షన్ అన్నాను కదా. 2025 జూలై 4న కొత్త చట్టం మీద సంతకం పడగానే వాట్సాప్ గ్రూపుల్లో "సోషల్ సెక్యూరిటీ మీద పన్ను ఎత్తేశారు" అని ఒకటే పండగ. ఎత్తెయ్యలేదు. 65 నిండిన వాళ్లకి మనిషికి 6,000 డాలర్ల అదనపు డిడక్షన్ ఇచ్చారు, అదీ 2025 నుంచి 2028 దాకా. దంపతుల ఆదాయం 1,50,000, ఒంటరివాళ్లది 75,000 దాటితే అది కరుగుతూ పోతుంది. ఇది తూకాన్ని ముట్టుకోదు. 62కే పింఛను మొదలెట్టినవాళ్లకి 65 వచ్చేదాకా ఇది లేదు.

ఇంకో సంగతి ముఖ్యంగా ఇండియాలో సర్కారీ నౌకరీ చేసి వచ్చినవాళ్లకి. మా గుడిలో కలిసే ఒక పెద్దాయన ఆంధ్రాలో ప్రభుత్వ కాలేజీలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, తర్వాత ఇక్కడ పన్నెండేళ్లు పనిచేశారు. ఇండియా పింఛను వస్తోందని ఆయన సోషల్ సెక్యూరిటీలో కోత పెట్టేవారు. ఆ కోత నియమాన్ని 2025 జనవరిలో రద్దు చేశారు, అదీ 2024 జనవరి నుంచి వర్తించేలా. అందుకని ఆయనకి పాత బకాయి ఒకేసారి వచ్చింది. బకాయి అంతా 2025 ఆదాయంలో పడి తూకం పైకి లేచింది. ఇలాంటప్పుడు 2024కి చెందిన భాగాన్ని 2024 ఆదాయంతో లెక్కగట్టి చూసి, అది తక్కువైతే అదే వాడుకోవచ్చు. పాత రిటర్న్ మార్చక్కర్లేదు. 1040 ఫారంలో 6సి దగ్గర టిక్ పెట్టి, లెక్క మీ దగ్గర ఉంచుకుంటే చాలు. అయితే ఆయనకి వచ్చే ఆంధ్రా పింఛను కూడా తూకంలోకి వస్తుంది. ఆ మాట చెప్తే ఆయన మొహం కొంచెం చిన్నబోయింది.

భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉంటూ విడివిడిగా రిటర్న్ వేస్తే హద్దు సున్నా. మొదటి డాలరు నుంచే 85 శాతం లెక్క మొదలవుతుంది. ఏడాదంతా వేరువేరుగా ఉంటే, ఉదాహరణకి ఒకరు అమ్మానాన్నలని చూసుకుంటూ విజయవాడలోనే ఉండిపోతే, ఒంటరివాళ్ల హద్దు వర్తిస్తుంది. ఒక్క రోజు కలిసున్నా అది పోతుంది.

రాష్ట్రం పన్ను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మా న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయ్ దీన్ని ముట్టుకోవు. టెక్సస్, ఫ్లోరిడాల్లో ఆదాయపు పన్నే లేదు. మిన్నెసోటా, యూటా లాంటి కొన్ని చోట్ల మాత్రం ఆదాయాన్ని బట్టి చూడాలి. ఏప్రిల్‌లో ఒకేసారి కట్టడం కష్టమనుకుంటే డబ్ల్యూ-4వి ఫారం ఇచ్చి నెలనెలా 7, 10, 12, 22 శాతాల్లో ఒకటి కోయించుకోవచ్చు.

తిరిగి ఇండియా వెళ్లిపోతే? సిటిజన్ అయితే లెక్క ఇదే. గ్రీన్‌కార్డు వదిలేసి వెళ్తే హద్దులు, డిడక్షన్లు ఏవీ ఉండవు. 85 శాతం మీద 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం ముందే కోసి పంపుతారు. ఇండియా-అమెరికా పన్నుల ఒప్పందం ప్రకారం ఈ డబ్బు మీద పన్ను వేసే హక్కు అమెరికాదే, కాబట్టి అక్కడ మళ్లీ పడదు. హెచ్‌1బి మీద కొత్తగా వచ్చిన పిల్లలకి ఇంకో మాట: 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ల పని లేకుండా ఈ పింఛనే లేదు. రెండు దేశాల సర్వీసు కలిపి లెక్కగట్టే ఒప్పందం ఇండియాతో లేదు. తొమ్మిదో ఏట సామాను సర్దేముందు ఒకసారి క్రెడిట్లు లెక్కపెట్టుకోండి.

మళ్లీ గుడి క్యాంటీన్‌కి వస్తాను. ఆ కుర్రాడి మామగారి అంకెలు టిష్యూ పేపర్ మీద వేశాం. దంపతులకి కలిపి సోషల్ సెక్యూరిటీ 28,000, 401కె నుంచి 12,000, ఎన్‌ఆర్‌ఇ వడ్డీ 4,000. తూకం 30,000. హద్దుకి ఇంకా 2,000 ఎడం ఉంది. పన్ను సున్నా. వాడి మొహం వెలిగిపోయింది. "అయితే ఏ ఫారమూ వెయ్యక్కర్లేదా అంకుల్?" అన్నాడు. ఈ ఆదాయానికి ఫెడరల్ రిటర్న్ అక్కర్లేదేమో గానీ, 4,000 డాలర్ల వడ్డీ వస్తోందంటే డిపాజిట్ ఎంతుంటుందో చూసుకో అన్నాను. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే, పన్ను ఉన్నా లేకపోయినా ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు తెలిపే ఫారం, వెయ్యాలి. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 దాకా పొడిగింపు. ఆ మాట వినగానే పులిహోర అక్కడే పెట్టి మామగారికి ఫోన్ కలిపాడు.