బద్దా, పలకా, చెక్కా?

సందేహం: చెక్కతో ఓడల నమూనాలు చేయడం గురించి కొత్తవారి కోసం తెలుగులో రాస్తున్నాను. ఒక చోట ఇలా రాశాను: "చెక్క ఓడ నమూనాకు పక్కటెముకలు అంటించాక, నానబెట్టిన చెక్కలను వాటిమీద ఒకదాని పక్కన ఒకటి అంటించి ఎండబెట్టాలి. ఇది అసలు ఓడకంటే 64 రెట్లు చిన్నది." చదివిన మిత్రుల్లో ఒకరు 'చెక్క' కాదు, 'పలక' అనాలన్నారు. మరొకరు 'బద్ద' అన్నారు. 'నమూనా' అంటే శాంపిల్ కదా, ఇక్కడ చెల్లదని ఇంకొకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి?

సమాధానం: ముందు బద్ద, పలకల తగువు తీర్చుకుందాం. మిగిలిన చిక్కుల్లో చాలావాటి కొస అక్కడే ఉంది. ఓడ నమూనాలో ప్రతి వస్తువుకూ రెండు పేర్లుంటాయి. చేతిలో ఉన్నప్పుడు అదేమిటో చెప్పేది ఒకటి, ఓడమీద అది దేనికి బదులు నిలుస్తుందో చెప్పేది మరొకటి. 4 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న సన్నని పొడవాటి ముక్క మన చేతిలో ఉన్నంతసేపూ బద్దే. వెదురుబద్ద, కొలబద్ద అన్నప్పుడు మనసులో మెదిలే రూపం అదే కదా. ఆ ముక్కే 1:64 స్కేలు నమూనా పక్కకు చేరిందంటే 256 మి.మీ. వెడల్పు, అంటే సుమారు 10 అంగుళాలున్న పలకకు బదులు నిలుస్తుంది. మందం 64 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు. కాబట్టి నానబెట్టేది, కోసేది, వంచేది బద్దను. ఓడ కట్టడాన్ని వివరించేటప్పుడు చెప్పేది పలకను. మీ ఇద్దరు మిత్రులూ సరిగానే చెప్పారు, కాకపోతే ఒకరు బల్ల దగ్గర నిలబడి, మరొకరు ఓడ దగ్గర నిలబడి చెప్పారు.

మూడో మాట ఒకటి మీ రాతలో లేదు, ఉండాలి: వరుస. ఓడ ముందు కొస నుంచి వెనుక కొస దాకా సాగేది వరుస. ఒక్కో వరుసలో చాలా పలకలు కొసకు కొస కలిసి ఉంటాయి. 24 అడుగుల పలక 1:64లో సుమారు 114 మి.మీ. మాత్రమే. నమూనా పక్క 600 మి.మీ. పొడవుంటే ఒక వరుసలో ఐదారు పలకలు రావాలన్నమాట. ఒకే బద్దను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేసి, అతుకులున్నట్టు గీతలు గీసేవారు ఉన్నారు. అప్పుడు ఒక బద్ద, ఒక వరుస, ఐదారు పలకలు అవుతాయి. ఈ మూడింటినీ 'చెక్క' అనే ఒక్క మాటతో చెబితే చదివేవారికి లెక్క కుదరదు.

లెక్క నిజంగానే అవసరం. నమూనా నడుము దగ్గరి అడ్డపలక (మీరు పక్కటెముక అన్నది ఇదే) అంచు, పైనుంచి అడుగుదాకా 120 మి.మీ. ఉందనుకోండి. 4 మి.మీ. బద్దలైతే 30 వరుసలు పడతాయి. ముందు కొస దగ్గరి అడ్డపలక అంచు 75 మి.మీ. ఉంటే అక్కడ కూడా ఆ 30 వరుసలే పట్టాలి, అంటే ప్రతి బద్దా ముందుకొచ్చేసరికి 2.5 మి.మీ.కు సన్నబడాలి. సన్నం చేయకుండా వేస్తూ పోతే బద్దలు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి, లేదా కొస దగ్గర పైకి లేచిపోతాయి. వెడల్పులో సగం కంటే సన్నబడాల్సి వస్తే మాత్రం అలా చేయకూడదు. రెండు వరుసలను అక్కడ ఒకటిగా కలిపేయాలి. మరీ సన్నని కొస మేకుకో, సూదికో చీలిపోతుంది. "బద్దలైంది" అన్న మాటలోనూ ఉన్నది ఆ చీలికే.

ఇక చెక్క, కొయ్య, కర్ర, కలప. చెట్టును కొట్టి కోతకు సిద్ధం చేసిన సరుకు మొత్తానికి కలప. బల్లపరుపుగా ఉన్న దానికి చెక్క సహజంగా అతుకుతుంది. నిడుపుగా, బిగువుగా నిలిచేది కొయ్య. కొయ్యకాలు, కొయ్యబారిపోవడం చూడండి. కర్ర చేతిలో పట్టేంత గుండ్రంగా ఉండాలి. ఈ హద్దులు గట్టివి కావు, ఊరికో వాడుక ఉంటుంది. అయినా సూచనలు రాసేటప్పుడు తెరచాపలు కట్టే స్తంభానికీ దాని అడ్డకొయ్యలకూ కొయ్య, పక్కలకూ అంతస్తులకూ చెక్క అని నిలకడగా వాడితే మేలు.

స్తంభం దగ్గర పలకకు ఇంకో అర్థం ఎదురవుతుంది, జాగ్రత్త. ఆరు పలకల పెన్సిల్ అంటాం, అంటే ఆరు ముఖాలున్నది. స్తంభాన్ని పైకి సన్నం చేయాలంటే చదరపు కొయ్య తీసుకుని, నాలుగు వైపులా పైకి వాలు వచ్చేలా చిత్రిక పట్టి, తర్వాత మూలలు తీసి ఎనిమిది పలకలు, ఆపైన పదహారు చేసి, చివర్లో గరుకు కాగితంతో గుండ్రం చేయాలి. మొదట్నుంచీ గుండ్రంగా రుద్దుకుంటూ పోతే ఒక పక్క ఎక్కువ అరిగి స్తంభం వంకర పోతుంది. ఇక్కడ "ఎనిమిది పలకలు చేయండి" అని మాత్రమే రాస్తే ఎనిమిది ముక్కలు కోసేవారుంటారు. "ఎనిమిది పలకలుగా చిత్రిక పట్టండి" అనండి. స్తంభానికి అమరకోశంలో గుణవృక్షకమన్న పేరుంది. గుణమంటే తాడు, తాళ్లు కట్టిన చెట్టు అది. ఎంతో అందమైన మాట, వ్యాసంలో ఒకసారి పరిచయం చేయండి. పని చెప్పే వాక్యంలో మాత్రం స్తంభమే ఉండనివ్వండి.

తాళ్లకూ బద్ద-పలక సూత్రమే. చేతిలో ఉన్నది దారం, ఓడమీద అది తాడు. తెరచాపల కాలపు లెక్కల్లో తాడు కొలత చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. 8 అంగుళాల తాడు అడ్డుకొలత సుమారు రెండున్నర అంగుళాలు, 1:64లో 1 మి.మీ. దారం సరిపోతుంది. 8 అంగుళాలను మందం అనుకుంటే 3.2 మి.మీ. దారం వాడతారు, ఓడ మొత్తం మోకులతో బరువెక్కినట్టు కనబడుతుంది. 'తాడు మందం 8 అంగుళాలు' అని తెలుగులో రాసేస్తే ఆ తప్పు మీదే అవుతుంది.

పక్కటెముకల మాట మార్చక తప్పదు. మధ్యలో నిలువు పలక, దానికి కోసిన గాళ్లలో అడ్డంగా దిగిన పలకలు, వాటిమీద బద్దలు: మీరు వివరిస్తున్న పద్ధతి ఇది. ఆ అడ్డపలకలు నమూనాకు ఆకారం ఇవ్వడానికే, ఓడలో అవి ఉండవు. అసలు ఓడలోలాగే దగ్గర దగ్గరగా వంపుదూలాలు నిలబెట్టి చేసే నమూనాలు వేరే ఉన్నాయి. పక్కటెముక అన్న మాట వాటికి దాచిపెట్టండి. అడ్డపలకలను మూలమట్టం ఆనించి 90 డిగ్రీలకు నిలబెట్టి అతికించాలి. రెండు కొసల దగ్గరి వాటి అంచులను ఏటవాలుగా అరగదీయాలి. కనీసం మూడు అడ్డపలకలమీద ఒక బద్ద ఆనించి చూస్తే, అంచు వెడల్పంతా బద్దకు తగలాలి. అంచు కొన మాత్రమే తగిలితే జిగురు పట్టదు, బద్ద తర్వాత ఊడివస్తుంది. బద్దలను ఒక పక్కంతా వేసి రెండో పక్కకు పోతే మధ్యపలక మెలి తిరుగుతుంది. అటొక వరుస, ఇటొక వరుస వేయాలి.

నమూనా మాటకొస్తే, మిత్రుడి అభ్యంతరం సగమే నిజం. పారసీకం నుంచి వచ్చిన ఈ మాటకు మచ్చుతునక, మాదిరి రెండూ అర్థాలే. తెలుగులో స్థానం అర్థాన్ని తేలుస్తుంది. నమూనా ప్రశ్నపత్రం ప్రశ్నపత్రమే, ఓడ నమూనా మాత్రం ఓడ కాదు. బొమ్మకూ అంతే: బొమ్మ ఓడ ఆడుకునేది, ఓడ బొమ్మ గీసింది కూడా కావచ్చు. అసలు చిక్కు 'చెక్క ఓడ నమూనా'లో ఉంది. చెక్క దేనికి విశేషణం? 1765లో నీటికి దిగిన విక్టరీ చెక్క ఓడ, దాని నమూనాను ప్లాస్టిక్‌తోనూ చేస్తారు. టైటానిక్ ఉక్కు ఓడ, దాని నమూనా చెక్కతో ఉండొచ్చు. పదార్థం నమూనాది అయితే 'ఓడ చెక్క నమూనా' అనో, 'చెక్కతో చేసిన ఓడ నమూనా' అనో రాయండి.

క్రియలకు వద్దాం. అంటించడం నిప్పుకు కూడా చెల్లుతుంది, జిగురు పనికి అతికించడమే శుభ్రమైన మాట. నానబెట్టడం, తడపడం ఒకటి కావు. 1.5 మి.మీ. బద్దను వంచడానికి అరగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టవచ్చు. బద్దలను రెండు పొరలుగా వేసేటప్పుడు పైపొరకు వాడే అర మిల్లీమీటరు బద్దను ఊరికే తడిపితే చాలు. నీరు తాగిన బద్ద వెడల్పులో ఉబ్బుతుంది, తడిగా అతికిస్తే ఆరాక కుంచించుకుపోయి వరుసల మధ్య సందులు పడతాయి. అందుకే ముందు వంచి, క్లిప్పులతో బిగించి, ఆరాకే అతికించాలి. ఆరబెట్టడానికి నీడ చాలు. ఎండబెట్టమంటే బద్దలను ఎండలో పెట్టేవారుంటారు, పైముఖం ముందుగా ఆరి అవి మెలి తిరుగుతాయి.

చివరగా '64 రెట్లు చిన్నది'. రెట్లు పెంచడానికే, తగ్గించడానికి వంతు ఉంది. 1:64 అంటే పొడవులో 64వ వంతు. వైశాల్యంలో 4,096వ వంతు, ఘనపరిమాణంలో 2,62,144వ వంతు. 'పొడవులో' అన్న మాట వదిలేస్తే వాక్యం తప్పవుతుంది.

మీ వాక్యాలను ఇలా మార్చుకోండి: "చెక్కతో చేసే ఓడ నమూనాకు అడ్డపలకలు అతికించి, వాటి అంచులు అరగదీశాక, నానబెట్టిన బద్దలను వాటిమీద వంచి బిగించి నీడన ఆరనివ్వాలి. ఆరిన తర్వాత అటొకటి, ఇటొకటిగా వరుసలు అతికించుకుంటూ రావాలి. ఈ నమూనా పొడవు అసలు ఓడలో 64వ వంతు."