గోవాలో పెళ్ళికి వెళ్తున్నాం, కారు అద్దెకు తీసుకోవాలా?

తీసుకోకండి. అమ్మానాన్నలతో దక్షిణ గోవాలో ఫ్రెండ్ పెళ్ళికి వెళ్తున్నామని, సొంతంగా నడుపుకునే కారు తీసుకుంటే మేలా, టాక్సీలు మేలా అని అడిగారు. సరదాగా తిరగడానికైతే సొంతంగా నడుపుకోవడం హాయే. పెళ్ళికి మాత్రం పిల్లిని చంకన పెట్టుకుని వెళ్ళినట్టే. మెహందీలో కూర్చున్నా ధ్యాసంతా దాని మీదే. ఎక్కడ పెట్టాం, ఎవడైనా గీత పెట్టాడా, డిపాజిట్ తిరిగిస్తాడా? పైగా మీ దగ్గర కారుందని తెలిసిన మరుక్షణం పెళ్ళివాళ్ళకి మీరే డ్రైవర్.

మా పిన్ని కొడుకు పెళ్ళి కూడా దక్షిణ గోవాలోనే, వార్కాలో ఒక రిసార్టులో జరిగింది. మా బావగారు ఎవరి మాటా వినకుండా, రేటు తక్కువని ఫోన్లోనే ఒక ఏజెంటుతో మాట్లాడుకున్నారు. ఆ మనిషి ఎయిర్‌పోర్టు బయట తాళాలు చేతిలో పెట్టి, డిపాజిట్ నగదుగా తీసుకుని, "పోలీసులు ఆపితే ఫ్రెండ్ కారని చెప్పండి" అని మాయమయ్యాడు. నంబరు ప్లేటు చూస్తే తెల్లది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది మనం నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండి. తెల్లప్లేటు సొంత కారుని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. గోవాలో పోలీసులు దీన్ని బాగానే పట్టుకుంటారు.

మర్నాడు పొద్దున మడ్గావ్ స్టేషన్‌కి వెళ్ళి పంతులుగారిని తెచ్చే పని, అనుకున్నట్టే, బావగారి నెత్తిన పడింది. తోడుగా నేనూ వెళ్ళాను. రైలు ఆలస్యం. ఆయన్ని ఎక్కించుకుని ఊరు దాటకముందే ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తాడు.

"ఫ్రెండ్ కారు" అన్నారు బావగారు.

"పేరేంటి ఫ్రెండ్‌ది?" అన్నాడతను, ఆర్సీ చేత్తో పట్టుకుని.

బావగారు నీళ్ళు నమిలారు. పోలీసు ముందు సీటు వైపు వంగి చూశాడు. పంచె, నుదుట విభూతి, ఒళ్ళో సంచి, అందులోంచి తొంగిచూస్తున్న దర్భల కట్ట. పంతులుగారు తొణక్కుండా, చక్కటి హిందీలో, "కిరాయి బండే బాబూ, నిన్ననే తీసుకున్నారట" అనేశారు.

తర్వాత బావగారు, "నూరు అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదండీ, ఒక్కటి ఆడలేకపోయారా?" అని వాపోతే, "ఆ నూరూ పెళ్ళిళ్ళ పేరయ్యల కోటా నాయనా, మాది కాదు" అన్నారాయన.

కారు పక్కన పెట్టించారు, చలానా రాయడం మొదలుపెట్టారు. ఇటు రిసార్టు నుంచి ఒకటే ఫోన్లు, పెళ్ళికొడుకుని చేయడానికి పీట మీద కూర్చోబెట్టేశాం, పంతులుగారేరీ అని. చివరికి ఆయన్ని ఒక పైలట్ బండి ఎక్కించాం. గోవాలో టాక్సీలాగా నడిచే మోటార్‌సైకిళ్ళని అలాగే అంటారు, ముందు మడ్‌గార్డు పసుపు రంగులో ఉంటుంది. పంచె గోచీ పెట్టి, పిలక మీద హెల్మెట్ బిగించి, సంచి గుండెలకి హత్తుకుని వెళ్ళారు. మాకంటే చాలా ముందే చేరారు.

ఇక మీ సంగతి. ముందు రిసార్టు ఎక్కడో చూసి, తర్వాతే టికెట్ కొనండి. 2023 జనవరి నుంచి గోవాకి రెండు విమానాశ్రయాలు. ఉత్తరాన మోపా, దక్షిణానికి దగ్గరగా దబోలిం. చవగ్గా వస్తోందని మోపాకి తీసుకుంటే, వార్కా వైపుకి రెండు గంటల రోడ్డు. మిగిలిందంతా టాక్సీకే పోతుంది. ఓలా, ఉబర్ అక్కడ లేవు. ఎయిర్‌పోర్టులో ప్రీపెయిడ్ కౌంటరుంది, టాక్సీ పిలుచుకోవడానికి గోవామైల్స్ యాప్ ఉంది. రిసార్టుల దగ్గర స్టాండు టాక్సీలవాళ్ళకీ యాప్ కార్లకీ పడదు, కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు యాప్ మీదే ఆధారపడకండి. మీలాంటి రెండు మూడు కుటుంబాలు కలిసి డ్రైవర్‌తో సహా ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది. డిసెంబర్‌లో అయితే అదీ ముందే. సొంతంగా నడుపుతామనే అంటే ప్లేటు రంగు, డిపాజిట్ రసీదు, బండి చుట్టూ తీసిన వీడియో, ఈ మూడూ లేకుండా తాళం ముట్టుకోకండి.

అసలు ఇదంతా పిలిచినవాళ్ళు చూడాల్సిన పని. హల్దీకి పసుపు, సంగీత్‌కి లేత రంగులు అని డ్రెస్ కోడ్ నాలుగు పేజీల పీడీఎఫ్‌లో పంపుతారు. ఏ ఎయిర్‌పోర్టులో దిగాలో ఒక్క లైను ఉండదు. రిసార్టులో గదులు దగ్గరివాళ్ళకే, మిగిలినవాళ్ళు ఎక్కడో హోటల్లో దిగి ప్రతి ఫంక్షన్‌కీ టాక్సీ వెతుక్కోవాలి. ఊళ్ళో పెళ్ళికైతే మా తాతగారు బస్టాండుకి ఎడ్లబండి పంపేవారు. డ్రోన్‌కి పెట్టే డబ్బులో కొంత ఒక మినీ బస్సుకి పెడితే ఏం పోయింది?

ఇంకో సంగతి, మన ముహూర్తాలు. ఆ పెళ్ళిది రాత్రి రెండు దాటాక. తలంబ్రాలు, అప్పగింతలు అయ్యేసరికి తెల్లారింది. ఆ నిద్రకళ్ళతో, పైగా రాత్రి ఎవరేం తాగారో తెలియని స్థితిలో, మనవాళ్ళెవరూ స్టీరింగ్ పట్టకూడదు. తాగి దొరికితే మొదటిసారే పది వేల దాకా జరిమానా, జైలూ పడొచ్చు. తెల్లవారుజామున అప్పటికప్పుడు టాక్సీ దొరకడమూ కష్టమే. తిరుగు ప్రయాణానికి బండి ముందురోజు సాయంత్రమే మాట్లాడి, డ్రైవర్ నంబరు మీ నాన్నగారి ఫోన్లో కూడా ఎక్కించండి. ఆ టైముకి మీ ఫోన్లో చార్జింగ్ ఉండదు.