జనవరిలో వాషింగ్టన్ ప్రో-లైఫ్ యాత్రకి పదహారేళ్ల పిల్లని పంపొచ్చా? అక్కడి సిస్టర్లు పిల్లలకి ఏం చెప్తారు?

మీరు అడిగింది ఇదీ: మీ విచారణ (పారిష్) గుడి నుంచి జనవరిలో యువత బస్సు వాషింగ్టన్‌లో అబార్షన్‌కి వ్యతిరేకంగా ఏటా జరిగే మార్చ్ ఫర్ లైఫ్‌కి వెళ్తోంది. పదహారేళ్ల మీ అమ్మాయి పేరిచ్చేసింది. మీవారికి అదంతా రాజకీయ ఊరేగింపులా కనిపిస్తోంది. మీకేమో అక్కడి సిస్టర్లు పిల్లని కాన్వెంటులో చేర్చేసుకుంటారేమోనని లోపల గుబులు.

పంపండి. వీలైతే ఆడపిల్లలకి తోడుగా మీరూ బస్సెక్కండి. పెద్దవాళ్లు చాలక ఫాదర్‌గార్లు బతిమాలుకుంటూనే ఉంటారు, మీరు వస్తానంటే కాదనరు. కాకపోతే మేత్రాసనం (బిషప్‌గారి పరిధి) వాళ్ల పిల్లల రక్షణ శిక్షణ, పోలీసు రికార్డు తనిఖీ ముందే పూర్తి కావాలి. క్రిస్మస్ హడావుడి మొదలవకముందే ఆ పని చూసుకోండి.

మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. ఇప్పుడు ఉండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. మా విచారణ బస్సులో ఆడపిల్లలకి తోడుగా నేను వెళ్తుంటాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

మీవారి అనుమానం ఉత్తదేం కాదు. ఈ ఊరేగింపు పుట్టిందే ఒక కోర్టు తీర్పు మీద. 1973 జనవరి 22న రో వర్సెస్ వేడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్‌ని రాజ్యాంగ హక్కుగా గుర్తిస్తే, మరుసటేడు అదే తేదీన నెల్లీ గ్రే అనే లాయరు మొదటి మార్చ్ జరిపించింది. 2020లో ట్రంప్ స్వయంగా వేదికెక్కాడు, పదవిలో ఉన్న అధ్యక్షుడు అక్కడికి రావడం అదే మొదలు. 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో రో కొట్టేశారు, తగువు రాష్ట్రాలకి వచ్చి పడింది. ఇక మార్చ్ ఎందుకులే అన్నవాళ్లున్నారు గానీ అది ఆగలేదు. మా ఒహాయోలో 2023 నవంబరులో ఓటింగ్ పెడితే అబార్షన్ హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చాలన్న పక్షమే గెలిచింది. అంటే మా పిల్లల తరగతిలో సగానికి పైగా ఇళ్లు అటు ఓటేసినవే అనుకోవచ్చు. వాషింగ్టన్‌లో జనంతో కలిసి నడవడం సులువే. సోమవారం బడికెళ్లి పక్క బెంచీ స్నేహితురాలికి ఎక్కడికెళ్లావో చెప్పుకోవడమే కష్టం. మీ అమ్మాయితో ముందుగా మాట్లాడాల్సింది దాని గురించి.

వేదిక మీది ప్రసంగాలు నాకు పెద్దగా పట్టవు. నాయకులు మైకు దొరికితే ఏం చేస్తారో మన ఊళ్లో చూశాం, ఇక్కడా అంతే. ఇంకొకటి, దారి పక్కన కొందరు చిదికిపోయిన పిండాల ఫొటోలు గోడంత ఎత్తున పట్టుకుని నిలబడతారు. వాళ్లు మన చర్చి తరఫున వచ్చినవాళ్లే అయి ఉండక్కర్లేదు గానీ, పిల్లలకి ఆ తేడా ఏం తెలుస్తుంది? అలాంటివి కనిపిస్తాయని, తల తిప్పుకుని వెళ్లిపోవచ్చని ముందే చెప్పి పంపండి. మా బస్సులో ఒక చిన్నపిల్ల అది చూసి తిరుగు ప్రయాణమంతా ఏమీ తినలేదు.

నడక మాత్రం చిన్నదే. నేషనల్ మాల్ దగ్గర మొదలై కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ మీదుగా పార్లమెంటు భవనం వైపు, సుప్రీంకోర్టు దాకా. శుక్రవారం మధ్యాహ్నం అది జరుగుతుంది. మా వాళ్లు దాన్ని యాత్ర అని ఎందుకంటారో తెలియాలంటే ముందు రోజు సాయంత్రం అమలోద్భవి మాత జాతీయ బసిలికాకి వెళ్లాలి. రెడ్ లైన్ మెట్రోలో బ్రూక్‌లాండ్ స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరం. సాయంత్రం పెద్ద పూజ (మాస్), ఆ తర్వాత రాత్రంతా దివ్యసత్ప్రసాద ఆరాధన, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం ముందు ప్రార్థన. కుర్చీలు చాలక పిల్లలు పాలరాతి నేల మీదే కోట్లు పరుచుకుని కూర్చుంటారు. మన గుణదల తిరునాళ్లలో ఫిబ్రవరి చలికి మెట్ల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చునే జనం గుర్తొచ్చారు నాకు. ఆ బసిలికాలో మన వేళాంగణి ఆరోగ్యమాతకి కూడా ఒక ప్రార్థనాలయం ఉంది, 1997 నుంచీ. మీ అమ్మాయికి చూపించండి. అమ్మమ్మ చెప్పే ఆరోగ్యమాత అమెరికా రాజధానిలో కనబడితే పిల్లల మొహాలు చూడాలి.

ఇక సిస్టర్ల సంగతి. రకరకాల సభల (కన్యాస్త్రీల సంఘాల) వాళ్లు వస్తారు గానీ పిల్లల చుట్టూ ఎక్కువగా కనిపించేది సిస్టర్స్ ఆఫ్ లైఫ్, నీలం-తెలుపు దుస్తుల్లో. వీళ్లది పాత సభ కాదు. న్యూయార్క్ కార్డినల్ జాన్ ఓ'కానర్ 1984లోనే ఒక మాటన్నారు: కడుపుతో ఉండి దిక్కు తోచని ఏ స్త్రీ అయినా, ఏ మతం, ఏ రంగు అయినా మా దగ్గరికి రండి, డబ్బు ప్రసక్తి లేకుండా చూసుకుంటాం అని. ఆ మాట నిలబెట్టడానికి మనుషులు కావాలిగా. తర్వాత మేత్రాసన పత్రికలో, ఉద్యోగ ప్రకటనలాగా, సిస్టర్లు కావలెను అని రాశారు. 1991 జూన్ 1న ఎనిమిది మందితో సభ మొదలైంది. తర్వాత మొదటి మదర్‌గా వచ్చిన ఆగ్నెస్ మేరీ డోనొవన్, అంతకుముందు కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో సైకాలజీ పాఠాలు చెప్పిన మనిషి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని అందరు కన్యాస్త్రీలూ ఇచ్చే మూడు మాటపట్టులకి తోడు వీళ్లు నాలుగోది ఇస్తారు: మనిషి ప్రాణాన్ని కాపాడతామని.

కాపాడటమంటే ఏం చేస్తారు? మన్‌హాటన్‌లో వాళ్ల కాన్వెంటులోనే గర్భిణులకి గదులిస్తారు. అనాథాశ్రమం పద్ధతి కాదు, అదే ఇల్లు, అదే వంట. పురుడయ్యాక కూడా కొన్ని నెలల దాకా తల్లీబిడ్డా అక్కడే ఉండొచ్చు. కాన్వెంటులో ఉండక్కర్లేని వాళ్లకి డాక్టరునో, లాయరునో, ఇల్లు మారడానికి ట్రక్కు నడిపేవాణ్నో, వాడేసిన ఉయ్యాల ఇచ్చేవాళ్లనో వెతికిపెడతారు. దానికోసం మామూలు గృహస్థుల గుంపు ఒకటుంటుంది. అబార్షన్ చేయించుకుని తర్వాత కుమిలిపోతున్న వాళ్లకి విడిగా ధ్యానాలు పెడతారు. ఇది పిల్లలకి చెప్పడం ముఖ్యం. ఏ బస్సులోనైనా అలాంటి అమ్మాయో, అలాంటి అక్క ఉన్న అమ్మాయో ఉండొచ్చు. హంతకులు అన్న మాట ఆ సిస్టర్ల నోట నేను వినలేదు.

2023 నుంచి మార్చ్ రోజు పొద్దున్నే ఈ సిస్టర్లూ, నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ మగవాళ్ల సంఘం వాళ్లూ కలిసి లైఫ్ ఫెస్ట్ అని యువత సభ పెడుతున్నారు. పాటలు, సాక్ష్యాలు, పాపసంకీర్తనాలు (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), పూజ. పాటల సందడి నా వయసుకి ఎక్కువే, చెవుల్లో దూది పెట్టుకోవాలి. సాక్ష్యాల్లో ఒకామె మాత్రం ఇప్పటికీ నా మనసులో ఉంది. సిస్టర్ల దగ్గర ఉండి బిడ్డను కన్న ఆవిడ. ఆ పిల్లాడు వేదిక మీద మైకు తీగ లాగుతుంటే ఒక సిస్టరు వంగి ఒక్కొక్క వేలూ విడదీస్తోంది. ఆవిడ దేవుడి గురించి, చట్టం గురించి ఏమీ మొదలుపెట్టలేదు. ఫోన్ చేసినప్పుడు సిస్టరు తనని అడిగిన మొదటి ప్రశ్న 'ఇవాళ ఏమైనా తిన్నావా' అని, తినలేదని, అందుకే వెళ్లానని చెప్పింది. హాలులో మా ఆడపిల్లలు నిశ్శబ్దం. నేనైతే మా అమ్మనే విన్నట్టు ఉలిక్కిపడ్డాను.

ఆ తర్వాత భోజనం వేళకి మా పిల్లలు నేల మీద పిజ్జా డబ్బాలు తెరుచుకుని కూర్చుంటే ఒక సిస్టరు వచ్చి మధ్యలో చతికిలబడింది. ముసుగు మీద ఉన్ని టోపీ, కాళ్లకి మట్టి కొట్టుకుపోయిన స్పోర్ట్స్ బూట్లు. మా గుంపులో కాస్త పెడసరం పిల్ల ఒకతె ఉంది, నాకు ఇష్టమైన పిల్ల. ముఖం మీదే అడిగింది, మీకు పిల్లలు లేరు కదా, మోసే వాళ్ల కష్టం మీకెలా తెలుస్తుందని. నాకు చెమటలు పట్టాయి. సిస్టరు నవ్వేసి, మోయడం ఎలా ఉంటుందో తనకి తెలియదని ఒప్పేసుకుంది. తెల్లవారుజామున రెండింటికి ఏడ్చే పసివాణ్ని ఎత్తుకుని, వాళ్లమ్మ ఓ గంట నిద్రపోయేలా కాన్వెంటు వరండాలో తిరగడం మాత్రం తెలుసంది. ప్రార్థన గది పక్కనే పాలసీసాలు కడిగే సింకు ఉందట, జపమాల మధ్యలో లేచి వెళ్లిన రోజులున్నాయట. ఇంక వాదనకి చోటేదీ? ఆ పిల్ల తన పిజ్జా ముక్క ఆవిడకిచ్చింది.

నా లెక్కలో ఆ యాత్రకి పిల్లల్ని పంపాల్సింది దీనికోసం. వాదించడం వాళ్లకి ఫోన్లోనే దొరుకుతుంది. పూర్తిగా ఒకరి పక్కన నిలబడ్డ మనిషి ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూడటం దొరకదు.

అయితే చూసొచ్చిన పిల్ల ఊరుకోదు, మీరు సిద్ధంగా ఉండాలి. తిరుగు బస్సులో మన తెలుగమ్మాయే ఒకతె నన్ను అడిగింది: 'ఆంటీ, నాకే అలా అయితే మా అమ్మావాళ్లు నన్ను ఇంట్లో ఉండనిస్తారా?' సమాధానం చెప్పడానికి నాకు నోరు రాలేదు. మన ఇళ్ల సంగతి మనకి తెలియందా? సత్యోపదేశం క్లాసులో అబార్షన్ మహాపాపమని నేర్పుతాం. ఇంట్లో పెళ్లికాని పిల్ల నెల తప్పిందంటే మొదట గుర్తొచ్చేది పరువు, రెండోది దూరపు ఊళ్లో తెలిసిన డాక్టరు. ఇండియాలో కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌ని అనుమతించే 1971 చట్టం వచ్చాక అది చాటుగా చేయాల్సిన పని కూడా కాకుండా పోయింది. ఆడపిల్లని స్కానింగ్‌లో తెలుసుకుని తీయించేస్తున్నారని 1994లో లింగ నిర్ధారణని నిషేధిస్తూ ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. ఆ ఇళ్లన్నీ భక్తి లేని ఇళ్లేం కాదు. భయం వేసినప్పుడు మీ అమ్మాయి ముందు మీ దగ్గరికి వస్తుందా, స్నేహితురాలి దగ్గరికి వెళ్తుందా? బస్సెక్కించే ముందే ఒకసారి కూర్చోబెట్టుకుని, ఏం జరిగినా ఇంటికే రా, తిట్లు తర్వాత చూద్దాం అని చెప్పండి. నేను మా అమ్మాయికి చెప్పాను. 'ఛీ, అమ్మా' అంది, కానీ విన్నది.

ఇలాంటి సిస్టర్లు అమెరికావాళ్లకే ఉన్నారనుకోకండి. గుంటూరులో నేను పుట్టిన సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి కథ మీ అమ్మాయికి చెప్పండి. మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు, మెల్‌బోర్న్‌లో మంచి ప్రాక్టీసు వదిలి, మగ డాక్టర్లకి చూపించుకోలేక ఆడవాళ్లు, పసిపిల్లలు చనిపోతున్నారని 1920లో గుంటూరు వచ్చి జేఎంజే అనే కన్యాస్త్రీల సభలో చేరింది. సిస్టరుగా ఉంటూ వైద్యం చేయడానికి పోపుగారి దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది ఆ రోజుల్లో. ఏళ్ల తరబడి ఆవిడే ఏకైక డాక్టరు. ఇవాళ సికింద్రాబాదు కేంద్రంగా నడుస్తున్న కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని 1943లో మొదలుపెట్టింది కూడా ఆవిడే. మా అమ్మమ్మ తరం వాళ్లకి ప్రో-లైఫ్ అన్న మాటే తెలియదు, డాక్టరు సిస్టరమ్మ తెలుసు.

సామాను గురించి: పడుకునేది ఏదో బడి జిమ్‌లోనో గుడి హాలులోనో నేల మీద, కాబట్టి స్లీపింగ్ బ్యాగ్ కింద పరుచుకోవడానికి దళసరి చాప ఉండాలి. ఉన్ని మేజోళ్లు రెండు జతలు అదనంగా. పచ్చడి సీసా బ్యాగులో ఉంటే నేనేం అనను, మూత గట్టిగా బిగించండి చాలు. వాతావరణం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2016 మార్చ్ రోజు మంచు తుపాను వచ్చి, తిరుగు దారిలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద యాత్రికుల బస్సులు రాత్రంతా ఇరుక్కుపోయాయి. రోడ్డు పక్కనే మంచుతో బలిపీఠం కట్టి పూజ చేసుకున్నారు వాళ్లు. వినడానికి బాగుంటుంది గానీ, ఆస్తమా మందు సూట్‌కేసులో పెట్టి బస్సు అడుగున వేసినవాళ్ల గతేమిటి? మందులు చేతి సంచిలోనే ఉండాలి.

ఆఖరిది, కాన్వెంటు గుబులు. సిస్టర్లు పిల్లల్ని గద్దలా ఎత్తుకుపోరండీ. చర్చి చట్టమే అడ్డం. పదిహేడేళ్లు నిండందే నోవిషియేట్‌లోకి (కన్యాస్త్రీ శిక్షణకి) తీసుకోరు, అది కనీసం ఏడాది. ఆపైన తాత్కాలిక మాటపట్టు మూడేళ్లకి తక్కువ కాకుండా. ఇరవై ఒకటి నిండందే శాశ్వత మాటపట్టు చెల్లదు. నోవిషియేట్‌లో ఉండగా ఎప్పుడైనా ఇంటికి పంపించేయొచ్చు, పిల్లే వచ్చేయొచ్చు. తాత్కాలిక మాటపట్టు గడువు తీరినప్పుడూ వచ్చేయొచ్చు. మా బస్సులో వెళ్లిన ఒక మలయాళీ అమ్మాయి కాలేజీ అయ్యాక నిజంగానే ఓ వారాంతం కాన్వెంటులో ఉండి చూసొచ్చింది. సిస్టర్లంటే ప్రాణమే కానీ పొద్దున్నే లేవడం తన వల్ల కాదని తేల్చేసింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, నైట్ డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటుందట. ఆ కబురుకి చిన్నబుచ్చుకున్నది వాళ్లమ్మ ఒక్కతే.